తలకి చలవ

మా అత్త పోయిందని మొన్న ఆదివారం పొద్దున్న ఫోనొచ్చింది. అత్త అంటే మా ఆయన తల్లి కాదు, మా నాన్న చెల్లెలు, నా మేనత్త. ఫోన్ చేసింది ఆవిడ కోడలు. "అక్కా, అత్తయ్యగారు పోయేరక్కా. టీ అడిగేరు, పట్టుకెళ్ళేసరికి..." అంది. నేను అమలాపురంలో మా వంటింట్లో ఇడ్లీపిండి గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాను. వెంటనే ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పోవడానికి ఆవిడకి ఆదివారమే దొరికిందా అని. ఆదివారం మా అత్తది. ఆ రోజు ఆవిడకి బోలెడు పని.

రాజోలు దాటాక కాలవగట్టున ఉంటుంది మా పుట్టింటి వీధి. ఆ వీధిలో తల నెరవడం మొదలైన ప్రతి ఆడమనిషికీ ఆదివారం పొద్దున్న మా అత్త వాళ్ళ పెరటి వసారాలో ఓ చోటుండేది. తలకి గోరింటాకు పెట్టేది అత్త. డబ్బులకి కాదు, ఎవరూ రమ్మనకపోయినా వచ్చేవాళ్ళు, ఆవిడా ఎవరినీ పొమ్మనలేదు.

ఆ కలపడం చూడాలి మీరు. ప్యాకెట్ పొడి ఆవిడ గడప తొక్కలేదు. పెరట్లో నూతి పక్కన గోరింట చెట్టుంది. దాని ఆకు దూసి, పాత వాయిల్ చీర మీద పరిచి నీడనే ఎండబెట్టేది. ఎండలో పెడితే ఆకులోని ఎరుపు సూర్యుడు తాగేస్తాడని ఆవిడ నమ్మకం. దంచి, అదే చీర చింపిన గుడ్డలో జల్లించేది. శనివారం సాయంత్రం టీ డికాషన్ నల్లగా మరిగించి, ఇనుప మూకుట్లో పొడి పోసి, అందులో తడిపి మూత పెట్టేది. తెల్లారేసరికి మూకుడు అంచున ముద్ద నల్లబడి ఉండేది. అప్పుడు పుల్లటి పెరుగు, నానబెట్టి రుబ్బిన మెంతులు, ఉసిరిక పొడి, మందారాకు పిసికి తీసిన జిగురు ఒక్కొక్కటే వేసి చేత్తో కలిపేది. చేత్తోనే. మోచేతి దాకా గాజులు లేని ఆ చెయ్యి మూకుట్లో తిరుగుతుంటే, పెరడంతా తడిసిన గడ్డివాము దగ్గర వచ్చే వాసన వచ్చేది. ఆ వాసనంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

తలకి పట్టించాక అందరం వరసగా కూర్చునేవాళ్ళం. భుజాల మీద పాత తువ్వాళ్ళు, నెత్తిన కర్రీ పాయింటు కవర్లు. నిజం చెప్పాలంటే ఒక్కొక్కరం పేడముద్ద నెత్తిన పెట్టుకున్నట్టే ఉండేవాళ్ళం. ఒకసారి కొరియర్ అబ్బాయి దారి తప్పి పెరటివైపు వచ్చి, మమ్మల్ని చూసి, ఏమీ అడక్కుండానే వెనక్కి వెళ్ళిపోయాడు. "పాపం, రాత్రి జడుసుకుంటాడే ఆ పిల్లాడు" అని అత్త రెండు వారాలు చెప్పుకుని నవ్వింది.

నల్లగా రావాలని ఎవరైనా గునిస్తే, "నలుపు కావాలంటే కాకినడగండమ్మా, నా దగ్గర ఎరుపే" అనేది. తల పట్టించుకుంటూ కోడలి మీదో ఆడపడుచు మీదో చాడీలు మొదలెడితే మాత్రం చెయ్యి ఆపేసేది. "రాసేటప్పుడు తిట్టకండీ. అది కూడా లోపలికి దిగుతుంది" అనేది. చాడీ చెప్పేవాళ్ళు కాసేపు నోరు మూసుకునేవాళ్ళు. పూర్తిగా మానేశారని చెప్పను, మనవాళ్ళ సంగతి మీకు తెలియనిదా.

ఇదంతా ఎలా మొదలైందో ఆ వసారాలో కూర్చున్న చాలామందికి తెలియదు. నాకు తెలుసు, నేను చూశాను.

మా మావయ్య మస్కట్‌లో పనిచేసేవాడు. అక్కడే ఏదో యాక్సిడెంటులో పోయాడు. అప్పటికి అత్తకి ముప్పై కూడా నిండలేదేమో. చంకలో కొడుకుతో పుట్టింటికి వచ్చింది. వచ్చిందనడం కన్నా మా పెద్దమ్మ తీసుకొచ్చింది అనాలి. పెద్దమ్మ అంటే మా పెదనాన్న భార్య, అత్తకి వదిన, మా ఇంటికి పెద్ద దిక్కు. ఆవిడ వెళ్ళి, అత్తారితో పేచీ పడి, ఆడపడుచునీ పిల్లాణ్ణీ వెంటబెట్టుకొచ్చి, మా ఇంటి పక్కనే రెండు గదులు వేయించింది. అత్త అన్నం ముట్టని రోజుల్లో ముద్దలు కలిపి నోట్లో పెట్టింది కూడా ఆవిడే. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరవాత చెప్పబోయేది విని మీరు ఆవిడ మీద కత్తులు నూరకూడదు.

ఆ ఏడు ఆషాఢంలో ఇంట్లో పిల్లలందరికీ గోరింటాకు రుబ్బారు. అంతకుముందు ఆ పనికి పెద్ద మా అత్తే. అలవాటుకొద్దీ ఆవిడ గిన్నె ఒళ్ళో పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది. పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి గిన్నె తీసేసుకుంది. "నువ్వు కూర్చో అమ్మాయ్, నే పెడతాను" అంది. అంతే. అత్త వేళ్ళకి అంటుకున్న ఆకు అక్కడే నీళ్ళతో కడిగేసుకుంది. భర్త పోయిన మనిషి చేతులు పండకూడదని నాకు అప్పుడే తెలిసింది. ఎవరూ చెప్పలేదు, గిన్నె చేతులు మారడం చూసి తెలిసింది.

కొన్నాళ్ళకి అత్తకి తల వేడి మొదలైంది.

"తల మంటెత్తిపోతోందండీ వదినా. చలవకి కాస్త గోరింటాకు పట్టించుకుంటాను" అంది ఓ రోజు.

పెద్దమ్మ బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపి, "తలకేగా?" అంది.

"ఆయ్, తలకేనండీ."

చలవ అన్నాక కాదనడానికేం లేదు. ఆముదం, మెంతులు, గోరింటాకు, ఇవన్నీ మందు కింద లెక్క. అలా మొదలైన తల వేడి మా అత్తకి మరి తగ్గలేదు. రోహిణి కార్తెలోనూ తల మంటే, మార్గశిరంలో మంచు కురిసి కొబ్బరాకులు బొట్లు బొట్లు కారుతున్నా తల మంటే. వారం వారం చలవ చేసుకునేది. అది చూసి వీధిలో ఆడవాళ్ళూ ఒక్కొక్కరే తువ్వాళ్ళు పట్టుకుని వచ్చి చేరారు. వారం వారం ఆవిడ అరచేతులు మణికట్టు దాకా ఎర్రగా ఉండేవి.

పెద్దమ్మకి కళ్ళు లేవా? "గరిటెతో కలపొచ్చుగా అమ్మాయ్?" అనేది. "గరిటెతో ఉండలు కడుతుందండీ" అనేది అత్త. పెద్దమ్మ ఊరుకోలేదు. ఎవరి దగ్గరో రంగు ప్యాకెట్లో వచ్చిన ప్లాస్టిక్ తొడుగులు తెచ్చి ఇచ్చింది. అత్త రెండు చేతులా మర్యాదగా అందుకుంది. ఆ తరవాతి వారం చూస్తే అందులో ఒకటి ఆవకాయ జాడీ మూతికి బిగించి ఉంది. అయిదు వేళ్ళూ పైకి లేచి, జాడీ మాకందరికీ అభయమిస్తున్నట్టుండేది. పెద్దమ్మ ఆ జాడీలోంచే ఆవకాయ వేసుకుని భోంచేసింది.

నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "అత్తా, నిజంగా తల వేడేనా?" అని. వసారాలో ఎవరూ లేరు. మూకుడు తోముతోంది. చేతులు తిప్పి చూసుకుని, "వేడీ లేదు, పాడూ లేదు. తెల్లగా ఉంటే ఈ చేతులు నావి కావనిపిస్తుందే" అంది. మళ్ళీ మూకుడు తోముకుంది. ఆ మాట నేను ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు.

నా పెళ్ళప్పుడు గొడవైంది. గొడవ అంటే అరుచుకోవడం కాదు, మా ఇంట్లో గొడవలు గారూ అండీలతోనే జరుగుతాయి. నన్ను పెళ్ళికూతుర్ని చేసే ముందు నా చేతులకి గోరింటాకు కలపడానికి అత్త ముందే ఆకు దూసి ఉంచింది. పెద్దమ్మ వచ్చి, "ఏమనుకోకు అమ్మాయ్. పిల్ల పదికాలాలు పసుపుకుంకాలతో ఉండాలి. నువ్వు కలిపింది వద్దు" అంది. "ఆయ్, నేనూ అదే అనుకున్నానండీ" అంది అత్త. ఆకు బుట్ట పట్టుకుని తన గదుల్లోకి వెళ్ళిపోయింది. నాకు అమలాపురం నుంచి కోన్లు పెట్టే అమ్మాయిని పిలిపించారు. నెమళ్ళూ ఏనుగులూ వేసింది. అవి చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు చేతుల నిండా ఆ నెమళ్ళతో, భుజం మీద పాత తువ్వాలుతో అత్త పెరటి వసారాలోకి వెళ్ళి కూర్చున్నాను. "అత్తా, తల మంటెత్తిపోతోంది. కాస్త చలవ చెయ్యి" అన్నాను.

ఆవిడ నన్ను చూసింది. నల్లటి జుట్టు, ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ముందు నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. తరవాత మూకుడు తెచ్చి, పాయ పాయ తీసి, నెమ్మదిగా, నా తలంతా పట్టించింది. ఏ పెళ్ళికూతురికీ దొరకని దీవెన అది. మధ్యలో పెద్దమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను కళ్ళు దించలేదు. ఆవిడే కాసేపు చూసి, "వేడినీళ్ళు కాగుతున్నాయి. చల్లారకుండా పోసుకో" అని వెళ్ళిపోయింది. పెద్దమ్మ కాదనకపోవడం చూసి నేను గెలిచాననుకున్నాను. అత్త మాత్రం, "ఆవిణ్ణేమీ అనుకోకే. నాకోసం ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించిన మనిషి. ఈ ఒక్కటీ ఆవిడకి భయం" అంది.

నా పెళ్ళయిన కొన్నేళ్ళకి ఓ ఆదివారం నేను పుట్టింట్లో ఉండగా పెద్దమ్మ తువ్వాలు పట్టుకుని వసారాలోకి వచ్చింది. తల మల్లెపువ్వులా నెరిసిపోయి ఉంది. అత్త పీట వేసి, "తెల్లగా ఉంటేనే బావున్నారండీ వదినా" అంది.

"అందానికి కాదమ్మా" అంది పెద్దమ్మ కూర్చుంటూ. "నిద్ర పట్టడంలేదు. చలవకే."

అత్త ముఖం నేను చూశాను. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "ఆయ్, చలవకేనండీ" అని మూకుడు దగ్గరికి లాక్కుంది. అప్పట్నుంచి పెద్దమ్మ ఏ ఆదివారమూ మానలేదు. కానీ అత్త చేతుల వైపు చూసి మాట్లాడ్డం మాత్రం ఆవిడకి ఎన్నడూ రాలేదు. ఆషాఢం వస్తే గోరింటాకు గిన్నె పెద్దమ్మ దగ్గరే ఉండేది.

మొన్న ఫోనొచ్చిన ఆదివారం నేను బస్సు దిగి, ఆటో కట్టించుకుని వీధిలోకి వెళ్ళేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అత్తని పెరటి వసారాలో చాప మీద పడుకోబెట్టారు. అందరికీ పట్టించి, చివర్న తను పట్టించుకుని, చెయ్యి కడుక్కోకుండానే కుర్చీలో వాలి టీ అడిగిందట. డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడట. తలకి పట్టించిన ముద్ద తలకే ఉంది, అరచేతుల్లో పూసింది అరచేతుల్లోనే ఉంది. చుట్టూ వీధిలో ఆడవాళ్ళు కూర్చుని ఏడుస్తున్నారు. ఒక్కరూ ఇంటికి వెళ్ళి తల కడుక్కోలేదు. అందరి నెత్తిన కర్రీ పాయింటు కవర్లు. వాళ్ళని చూడగానే, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు నవ్వొచ్చింది. ఇది చెప్పి నవ్వాల్సిన మనిషే లేదని తోచాక అప్పుడొచ్చింది ఏడుపు.

ఓడలరేవు గ్యాస్ ప్లాంటులో డ్యూటీలో ఉన్న అత్త కొడుకు కూడా అప్పటికే వచ్చేశాడు. "ఇంక స్నానం చేయించండమ్మా, పొద్దుపోతుంది" అని మగవాళ్ళు బయట్నుంచి కేకేశారు. కోడలు చెంబుతో నీళ్ళూ తడిగుడ్డా తెచ్చి, ముందు చేతులు తుడుద్దామని వంగింది.

తల దగ్గర కూర్చున్న పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టుకోకమ్మా. చేతులింకా పండలేదు."

ఆ ముద్ద ఎప్పుడో ఎండిపోయి, పెచ్చులు కట్టి ఉంది. అది అక్కడున్న ప్రతి ఆడదానికీ కనిపిస్తూనే ఉంది. ఒక్కరూ ఆ మాట అనలేదు. కోడలు చెంబు పక్కన పెట్టి కూర్చుంది. నేనూ కూర్చున్నాను. బయట మగవాళ్ళు ఇంకోసారి అడిగి, కొబ్బరిచెట్ల కిందికి వెళ్ళిపోయారు. పెద్దమ్మ తన ఆడపడుచు రెండు చేతులూ ఒళ్ళోకి తీసుకుని, వెల్లకిలా తిప్పి, పసిపిల్ల గోరింటాకు చెరిపేసుకోకుండా పట్టుకున్నట్టు, ఆ వేళ్ళు ముడుచుకోకుండా విప్పి పట్టుకుని కూర్చుంది.