తిప్పి వేసిన వాషరు

మా తాతయ్యకి వస్తువులు పారేయడం చేతకాదు. తల అరిగిన స్క్రూ కనిపించినా, ట్యూబు ముక్క కనిపించినా "ఉండనీ, పనికొస్తుంది" అని జేబులో వేసుకుంటాడు. ఆయన చొక్కా ఉతికే ముందు అమ్మమ్మ జేబులు దులిపిందంటే ఓ చిన్నసైజు షెడ్డు బయటపడుతుంది. "పెళ్లప్పుడు మెకానిక్కు అన్నారు. పాత ఇనుప సామాన్లవాడని ఒక్కరూ చెప్పలేదు" అంటుందావిడ. ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండదు.

వాషర్ల దగ్గర ఈ జబ్బు మరీ ముదిరింది. బండికి ఆయిల్ మార్చేటప్పుడు ఇంజను అడుగున ఉన్న బోల్టు విప్పి పాత నూనె దించేస్తారు. ఆ బోల్టుకి ఉంగరం లాంటి రాగి వాషరు ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు అది కాస్త నలిగి, సందు మూసేసి, నూనె కారకుండా చూస్తుంది. ఒకసారి నలిగినదాన్ని తీసేసి కొత్తది వెయ్యాలి. అందుకు వెతుక్కోనక్కర్లేదు, కొత్త ఫిల్టరు కొంటే దాని పెట్టెలోనే వాషరు కూడా వస్తుంది. తాతయ్య ఆ కొత్తదాన్ని భద్రంగా బిస్కెట్ల డబ్బాలో దాస్తాడు. పాతదాన్ని గరుకు కాగితం మీద కాసేపు రుద్ది, తిరగేసి, మళ్లీ దాన్నే బిగిస్తాడు.

"పాతదానికి ఆ బోల్టుతో ఏళ్ల స్నేహం. కొత్తది ఎవరో ఏమిటో!" ఇదీ ఆయన సిద్ధాంతం.

"మరి ఆ డబ్బాలోవి ఎప్పుడు వాడతారు?" అని అమ్మమ్మ అడుగుతుంది.

"అవసరం వచ్చినప్పుడు."

"అదెప్పుడొస్తుంది?"

"వచ్చినప్పుడు చెబుతాలే."

ఆ అవసరం బడిపిల్లల వ్యానులో వచ్చింది. ఆ వ్యాను నడిపేది ఓ డ్రైవరమ్మ. మనిషి సన్నం, గొంతు మాత్రం హారన్ అక్కర్లేనంత పెద్దది. చుట్టరికమేమీ లేకపోయినా తాతయ్యని బాబాయ్ అంటుంది. ఆ లెక్కన ఆమె భర్త తాతయ్యకి అల్లుడయ్యాడు. ఈ అల్లుడు ఒకప్పుడు వ్యాను వెనక్కి తీస్తూ బడి గేటుని గుద్దేశాడు. ఆనాటి నుంచి తాళంచెవి ఆమె మెడలోని దారానికే వేలాడుతోంది. అతను పిల్లల్ని ఎక్కించి దించడం, వ్యాను కడగడం మాత్రం చేసేవాడు. మొన్నామధ్య ఆమెకి జ్వరం వచ్చి, వేరే దిక్కులేక, వెయ్యి జాగ్రత్తలు చెప్పి తాళం అతని చేతిలో పెట్టింది.

పిల్లల్ని క్షేమంగా దించి ఖాళీ వ్యానుతో తిరిగి వస్తున్నాడు అల్లుడు. గట్టు ఎక్కుతుండగా స్టీరింగు ముందు ఆయిల్ గుర్తున్న ఎర్రదీపం వెలిగింది. ఏమిటా అని ఆపేలోపే నూనె లేక ఇంజను పట్టేసి, బిగుసుకుపోయింది.

కబురందిన తాతయ్య వెళ్లేసరికి, డ్రైవరమ్మ జ్వరంతోనే అక్కడికొచ్చి నడిరోడ్డు మీద మొగుణ్ణి ఉతికి ఆరేస్తోంది.

"క్వారీ దారిన వచ్చావు కదూ? అడ్డదారి కదూ? రాయికి కొట్టి ఆయిలంతా నేలపాలు చేశావు!"

"నీ మీదొట్టు, మెయిన్ రోడ్డునే వచ్చాను."

"నా మీద ఒట్టేస్తే నేను పోతాననా!"

తాతయ్య గోనెసంచి పరుచుకుని వ్యాను కిందికి దూరాడు. నూనె ఉండే చాంబరు పొడుగునా చెయ్యి రాశాడు. ఎక్కడా సొట్ట లేదు, గీత కూడా లేదు. బోల్టు దగ్గరికొచ్చేసరికి వేలు జారింది. తడి. వాషరు అంచున ఓ వెంట్రుకంత చీలిక గోటికి తగిలింది. అది తనే రుద్దింది, తనే తిప్పి వేసింది. ఆ క్షణంలో ఆయనకి ఎక్కడో దూరంగా, బీరువా మీద, బిస్కెట్ల డబ్బా కనిపించింది.

బయటికి వచ్చేసరికి డ్రైవరమ్మ నిలదీసింది. "రాయేనా బాబాయ్?"

నోటిదాకా వచ్చింది మాట. అల్లుడు ఆశగా చూస్తున్నాడు. చుట్టూ జనం. తాతయ్య నుదురు తుడుచుకున్నాడు.

"చూడాలమ్మా" అన్నాడు.

అంతే. అల్లుడి మొహం వాడిపోయింది. తాళంచెవి మళ్లీ దారానికెక్కింది.

వ్యాన్ని షెడ్డుకి లాక్కొచ్చారు. ఆ రోజు తాతయ్య పళ్లెం ముందు కూర్చుని కలిపిందే కలుపుతున్నాడు.

"అందులో చెయ్యి పెట్టి ఏం వెతుకుతున్నారు? వాషరా?" అంది అమ్మమ్మ మామూలుగా.

తాతయ్యకి పొలమారింది. మంచినీళ్లు తాగి లేచిపోయాడు. ఎవరైనా దారిలో "ఏమైంది ఆ వ్యానుకి?" అంటే తేలు కుట్టిన దొంగలా నవ్వి తప్పుకున్నాడు. అల్లుణ్ణి వాళ్ల వీధిలో "రాళ్ల డ్రైవరు" అంటున్నారని మర్నాడు తెలిసింది. దాంతో చేతిలో పానా కింద పెట్టేశాడు. షెడ్డు మూసి వాళ్లింటికి నడిచాడు.

అల్లుడు గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. అతనికి పడిన శిక్ష అది. డ్రైవరమ్మ లోపలి నుంచి వచ్చింది.

"అమ్మాయ్, అల్లుడిది ఏం తప్పు లేదు. వాషరు పాతది. కొత్తది ఉండి కూడా నేనే వెయ్యలేదు. నూనె అక్కడే కారింది."

ఆమె నవ్వేసింది. "నీ మనసు నాకు తెలీదా బాబాయ్? ఈయన్ని తిడుతుంటే చూడలేక నీ మీద వేసుకుంటున్నావు."

"కాదే తల్లీ, నిజంగా నాదే!"

"ఇన్నేళ్లలో నీ చేతి పనికి వంక లేదు. కారితే మరక కనిపించదూ?"

"మీరు వ్యాను ఆపేది ఇసుకలో. నూనెని ఇసుక తాగేసింది."

"చూశావా, ఎంత బాగా అల్లుకొచ్చాడో!" అంది మొగుడితో.

అల్లుడు కూడా కళ్లు తుడుచుకుని "వద్దు మావయ్యా, నా కోసం నువ్వు మాటపడకు" అన్నాడు. కళ్లు తుడుచుకున్నది వెల్లుల్లి వేలితో. దాంతో ఇంకా నీళ్లు కారాయి.

తప్పు చెయ్యడం ఎంత సులువో, చేశానని నమ్మించడం అంత కష్టమని తాతయ్యకి అప్పుడు తెలిసింది. ఇక మాటలు లాభం లేదని ఇద్దర్నీ షెడ్డుకి తీసుకొచ్చాడు. అదే పాత వాషరు, అదే బోల్టు వాళ్ల ముందే బిగించి, పైనుంచి నూనె పోశాడు. ముగ్గురూ గోనెసంచుల మీద వరసగా వ్యాను కింద వెల్లకిలా పడుకున్నారు.

బోల్టు పొడిగా ఉంది.

"చెప్పానా!" అంది డ్రైవరమ్మ.

"ఆగు."

జీవితమంతా ఏ బోల్టూ కారకూడదని కోరుకున్న మనిషి, ఆ మధ్యాహ్నం "కారవే తల్లీ, కారు" అని లోలోపల మొక్కుకున్నాడు. చాలాసేపటికి అంచున ఓ మెరుపు కనిపించింది. అది నల్లటి పూసలా ఉబ్బి, కాసేపు వేలాడి, సరిగ్గా అల్లుడి ముక్కు మీద పడింది. వెనకే ఇంకొకటి తయారవుతోంది.

తాతయ్య నూనె దించి, డబ్బాలోంచి తెచ్చిన కొత్త వాషరు వేసి, మళ్లీ పోశాడు. ఈసారి ఎంతసేపు చూసినా ఏమీ రాలేదు.

డ్రైవరమ్మ లేచి కూర్చుంది. కేకలు వేస్తుందనుకున్నాడు. వేసినా బాగుండేది. ఆమె మెడలోంచి దారం తీసి, తాళంచెవి మొగుడి చేతిలో పెట్టి, అతని ముక్కు మీది నూనె కొంగుతో తుడిచింది.

"వాషరుదేముంది బాబాయ్, పొరపాటు" అంది మెల్లగా. "రోడ్డు మీద అడిగినప్పుడే ఒక్కమాట అనాల్సింది. వీధి వీధంతా వినేలా తిట్టాను ఈయన్ని."

ఇంజను విప్పి బాగుచేసినన్నాళ్లూ ఆ మాట తాతయ్య పక్కనే కూర్చుంది.

ఆ వారమే అమ్మమ్మ బిస్కెట్ల డబ్బా నేల మీద బోర్లించింది. కుప్పలో సగం వాషర్లు, ఇప్పుడు రోడ్డు మీద తిరగని బళ్లవి. అవి కొత్తవిగా మెరుస్తున్నాయి కానీ, బళ్లే తుక్కైపోయాయి. "ఇవి దేనికీ?" అంది. తాతయ్య తల తిప్పుకున్నాడు. ఆవిడ జీవితంలో మొదటిసారి ఎగతాళి మధ్యలో ఆపేసింది.

మళ్లీ ఆయిల్ మార్చే వేళకి వ్యాను వచ్చింది. తోలుకొచ్చినవాడు అల్లుడు, పక్క సీట్లో డ్రైవరమ్మ. తాతయ్య ఫిల్టరు పెట్టె చించి, కొత్త వాషరు అరచేతిలో పెట్టి ఆమెకి చూపించాడు. పాతదాన్ని విప్పిన చెయ్యి అలవాటు కొద్దీ జేబు వైపు వెళ్లింది.

"ఇటివ్వు" అని ఆమె చెయ్యి చాపింది. తీసుకుని మురిక్కాలవలోకి విసిరేసింది. పాపం, తాతయ్య కళ్లు దాని వెంటే కాలవదాకా వెళ్లొచ్చాయి.

అల్లుడు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "కొత్తది ఎవరో ఏమిటో మావయ్యా, నమ్మొచ్చంటావా?"

"పాతవాణ్ణి నమ్మే కదయ్యా నువ్వు తిట్లు తిన్నావు" అని తాతయ్య వ్యాను కిందికి దూరాడు. బోల్టు బిగించడం అయిపోయాక కూడా, చుక్క కారుతుందేమోనని చూస్తూ చాలాసేపు బయటికి రాలేదు.