సందు వీధైన సంగతి

నరసరావుపేటలో సుబ్బరత్నం కాపురముండే సందులోకి ఆటో రాదు. దాచేపల్లి దగ్గర క్వారీలో రాయి మీద పడి భర్త అంకమ్మరావు నడుం పోయింది. అప్పటినుంచి ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా అతన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చెరోపక్కా ఆమె, ఎదురింటి యల్లమంద పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా మోసేవారు. తిరిగొచ్చాక ఆమె ఇళ్లు కట్టే బేల్దారి పనికి పోవాలి.

సిమెంటు రోడ్డు కోసం వార్డు సచివాలయం చుట్టూ తిరిగి తిరిగి ఆమె చెప్పులరిగాయి. చివరికి అక్కడ పనిచేసే హుమేరా కూర్చోబెట్టి చెప్పింది.

"మీది రికార్డుల్లో వీధి కాదు పిన్నీ, సందు. వీధి అంటేనే రోడ్డు వేస్తారు."

"అయితే వీధని రాయమ్మా, నీకేం పోద్ది?"

"ఊరికే రాస్తే కాదు, వెడల్పు ఉండాలి. రెండు పక్కలా అరుగులూ మెట్లూ తీసేస్తే సరిపోద్ది."

సుబ్బరత్నం ఇంటింటికీ వెళ్లి అడిగింది. పక్కింటి మహేశ్వరి ముఖం మీదే అనేసింది. "నీ మొగుణ్ణి మోయలేక మా అరుగులు పగలగొట్టమంటున్నావా అక్కా?"

అది నిజమే. సుబ్బరత్నం వెనక్కొచ్చింది. ఆదివారం పొద్దున్నే గడ్డపార తీసుకుని తన అరుగు తానే తవ్వుకుంది. పెళ్లైన కొత్తలో ఇద్దరూ కలిసి కట్టుకున్న అరుగది. లోపల మంచం మీద అంకమ్మరావు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నానికి యల్లమంద తన మెట్లు తీశాడు. మిగతావాళ్లు నెలల తరబడి నాన్చారు. వానల్లో బురద మోకాళ్ల దాకా వచ్చాక మహేశ్వరి కూడా ఒప్పుకుంది, కానీ సుబ్బరత్నంతో మాటలు మానేసింది.

ఏడాది దాటాక రోడ్డు పడింది. సందు మొదట్లో నీలం బోర్డు పెట్టి 'వీధి' అని రాశారు. మోటారుసైకిళ్లు రయ్యిమని పోతుంటే గుమ్మంలో నిలబడటానికి కూడా చోటు లేకుండా పోయింది.

ఆసుపత్రి రోజున ఆటో గుమ్మం ముందుకే వచ్చి ఆగింది. కుర్చీతో పని లేకపోయింది. యల్లమంద ఒక చెయ్యేస్తే చాలింది. ఆటో ఎక్కాక అంకమ్మరావు చానాసేపు బయటికే చూస్తూ కూర్చున్నాడు.

"మహేశ్వరి ఇంకా మాట్లాడటం లేదా?" అన్నాడు.

అప్పటికే సుబ్బరత్నం అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆసుపత్రి వచ్చినా మెలకువ రాలేదు.

"కాసేపు ఆగు తమ్ముడూ," అన్నాడతను డ్రైవర్‌తో.