నాలుగు గదుల గుల్ల

ప్రయోగశాలలో అందరూ చీమకన్ను అని పిలిచే ఆమె మొదటి గెలుపు పదిహేడు గుల్లలు. ఆవగింజ పక్కన పెడితే ఆనవాలు కూడా చిక్కనంత చిన్నవి. నాలుగేళ్లపాటు, రెండు వందల పదకొండు మట్టి నమూనాల్లోంచి, తడి కుంచె మొనతో ఒక్కొక్కటీ ఏరి పట్టింది. సముద్రంలో తేలుతూ బతికి, చచ్చాక అడుగున పేరుకుపోయిన ఫోరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలవి. చివరి చుట్టులో నాలుగే గదులు. నోరు నడిమధ్యన కాక ఓ పక్కకి, దాని అంచున పెదవిలాంటి గట్టు. ఉన్న పుస్తకాలన్నీ తిరగేసినా అలాంటిది లేదు. అంతరించిన కొత్త జాతి అని తేల్చి, మేనమామ పేరు పెట్టింది.

మేనమామ అదే ప్రయోగశాలలో ముప్పై ఒక్క ఏళ్లు జల్లెడలు కడిగినవాడు. చదివింది ఐదో తరగతి. తల్లి పోయిన మేనకోడల్ని పెంచిందీ, ఆ మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టిందీ ఆయనే. పేరు పెట్టిన నాటినుంచి ఆయన కాలు నేల మీద నిలవలేదు. మంగలి దుకాణంలో ఎవరు దొరికితే వాళ్లకి అప్పజెప్పేవాడు: మేనకోడలు పదకొండు వ్యాసాలు రాసింది, మూడు సభల్లో మాట్లాడింది, డైరెక్టరు లేచి చేయి కలిపాడు. ఆఖరున అసలు సంగతి.

"ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్ల కిందట ప్రళయం వచ్చి, సముద్రంలో తేలే పురుగులన్నీ దాదాపు ఊడ్చుకుపోయాయా, నా పేరుది మాత్రం మిగిలింది. ప్రళయం నాటి మట్టిపొరకి పైన దొరికింది."

"చావుకి కూడా నీ చిరునామా తెలీదన్నమాట," అనేవాడు మంగలి.

పైన దొరికింది పదిహేడింట్లో ఒక్కటే. ఆమె పేరుప్రతిష్ఠలన్నీ దాని మీదే నిలిచాయి.

ఈమధ్య మరో ప్రయోగశాలవాళ్లు ఆ ఒక్కటీ చూస్తామని అడిగారు. పంపేముందు ఆమె మరోసారి మైక్రోస్కోపు కింద పెట్టింది. సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"మావయ్యా, జల్లెడ కడిగాక నీలిరంగు నీళ్లలో ముంచేవాడివి కదా?"

"ఒక్కనాడూ మానలేదు. కంతల్లో ఏదైనా ఇరుక్కుంటే నీలంగా మారాలి. మర్నాడు వేరే మట్టిలో పడినా పాతదని తెలియాలి. ఎందుకే?"

"పైన దొరికిన దాని గదుల్లో నీలం ఉంది."

ఆయన చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. కింది పొర మట్టి కడిగిన జల్లెడలోనే మర్నాడు పై పొర మట్టి కడిగారు. ఇరుక్కున్నది జారి అందులో పడింది.

"అప్పుడు చూడలేదా?"

"చూశాను. ఖనిజం రంగనుకున్నాను. అలా అనుకోవాలనిపించింది. అచ్చయిన ఫొటోలో రంగులుండవు, ఇంకెవరికీ తెలీలేదు."

ఆయన గోడవైపు తిరిగాడు. ఆ రోజుల్లో తన కళ్లకు పొర కమ్మిందని, జల్లెడని కళ్లతో చూడక వేళ్లతో తడిమి శుభ్రమైందనుకునేవాడినని మొదటిసారి చెప్పాడు.

"నాతో అని ఉంటే నేను కడిగేదాన్ని కదా."

"అని ఉంటే నన్ను ఇంటికి పంపేవాళ్లు. ఇంట్లో కూర్చుని ఎవడి జల్లెడ కడగను?"

ఆమె నవ్వలేదు. "పగిలిపోయిందని రాస్తే వాళ్లు నమ్ముతారు," అంది.

ఆయనకి డెబ్బై ఎనిమిది. ఉన్న గొప్పంతా ఆ ఒక్క గుల్ల. గోడవైపు నుంచి ఆమెవైపు తిరిగాడు.

"దొంగ దొరకాలనే కదా నీలంలో ముంచింది. దొరికాక వదిలేస్తామా. ఉన్నదున్నట్టు రాసెయ్."

"రాస్తే నీ పేరుదీ ఆనాడే అందరితోపాటు పోయిందని రాయాలి మావయ్యా."

"పోయినదాన్ని పోయిందనే రాస్తారు."

ఆమె రాసింది. ఆమెకి పెద్ద పదవి ఇస్తానన్న మాటని డైరెక్టరు వెనక్కి తీసుకున్నాడు. ఆమె తేల్చినదాని మీద ఆధారపడిన ముగ్గురు తమ వ్యాసాలు దిద్దుకోవలసి వచ్చింది. వాళ్లలో ఒకడు ఇప్పటికీ పలకరించడు. మామ మంగలి దుకాణానికి పోవడం మానేశాడు.

పై పొర మట్టి మళ్లీ తవ్వుకొస్తానని, కొత్త జల్లెడతో తనే కడుగుతానని ఆమె ఆ నమూనాలు తెచ్చిన, ఒకప్పుడు సముద్రపు అడుగైన కొండచరియకి బయల్దేరింది. నిజంగా ఒక్కటైనా మిగిలిందేమో చూడాలి. అప్పటికే డాక్టరు ఆయన గుండె ఈ నెలాఖరు దాటడం కష్టమన్నాడు. ఆమె సంచి సర్దడం ఆపేస్తే, ఆయనే జిప్పు లాగాడు.

"వెళ్లు. నేనెక్కడికి పోతాను, కళ్లు కనబడవు కదా."

ఆమె తిరిగి వచ్చేది వచ్చే నెల పద్నాలుగున.