గెట్టు రాయి

ఉప్పునీటి మడుగుల్లో దోనె మీద చేపలు పట్టి పెరిగినవాణ్ని నేను. నా భార్య సుభద్ర పోయిన మూడో నెలలో రామగుండంలోని చుట్టాలింటికి వెళ్లాను. ఆమె చీరలు ఇంకా దాచుకోవడం దేనికని అందరూ అంటే, ఎవరికైనా ఇచ్చెయ్యమని అక్కతో చెప్పి బయల్దేరాను.

అక్కడ బొగ్గుగనిలో డ్యూటీ చేసే మల్లయ్య, సెలవు రోజున నన్ను చేపలకు తీసుకెళ్లాడు. ప్రాజెక్టు నీళ్లు అతని ఊరి పొలాల మీదికి వచ్చి రెండేళ్లయింది. నడుము లోతు నీళ్లలో చెరో థర్మాకోల్ తెప్ప మీద కూర్చున్నాం. మధ్యాహ్నం దాకా వలలో ఒక్క చేపా పడలేదు. పది బారల అవతల మాత్రం చేపలు ఎగురుతున్నాయి.

“వల అక్కడ వేద్దాం” అన్నాను.

“అది మా కాక పొలం సారూ. ఆయన్ని అడగంది ఎట్ల ఏస్త?”

నేను నవ్వాను. “పొలం ఎక్కడుందయ్యా? అన్నీ నీళ్లేగా!”

మల్లయ్య తెడ్డును నిలువుగా నీళ్లలోకి పొడిచాడు. రాయి తగిలిన చప్పుడైంది.

“గిది గెట్టు రాయి. గిటు నాది, గటు మా కాకది. మునిగితే ఆయనది కాకుండ పోతదా? మునిగిన భూములు కొలవనొచ్చిన సారు గూడ నీ లెక్కనే నవ్విండు.”

నా మీద నాకే ఒళ్లు మండింది. ఖాళీ బుట్టతో ఒడ్డుకు చేరగానే అక్కకు ఫోన్ చేశాను. చీరలు అప్పటికే మూట కట్టానంది.

“విప్పు. ఎక్కడివి అక్కడ పెట్టు” అని అరిచాను.

“ఎవరు కట్టుకుంటార్రా?”

“ఎవరూ కట్టుకోరు. అవి సుభద్రవి.”