పీకకూడని పన్ను

1996 వర్షాకాలంలో నన్ను అరకు కొండల్లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి డెంటల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. పేరుకు పెద్ద హోదా. పైన సూపరింటెండెంటు, కింద ఒక నర్సు, మూలన పాడైపోయిన ఎక్స్‌రే మిషను. కొండల మీది నుంచి వచ్చేవాళ్ళు పూట పూటంతా నడిచి వస్తారు, రెండోసారి రాలేరు. అందుకని పన్ను నొప్పి అన్నవాళ్ళకు అదే రోజు పన్ను తీసి పంపడం అక్కడి పద్ధతి. రెండు నెలల్లో నాకూ అలవాటైంది.

బుద్రి హుకుంపేట వైపు నుంచి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి, కాఫీ తోటలో కూలి. ఎడమ పై దవడ మూడు రోజులుగా మండిపోతోందని కోరపన్ను వెనకది చూపించింది. ఆ పన్ను పుచ్చలేదు. చిగురు వాపు లేదు. అద్దం కాడతో తట్టి చూశాను, నొప్పిలో పక్క పళ్ళకూ దానికీ తేడా లేదు. రెండు మూడు రోజులాగి రమ్మన్నాను.

"మల్లీ రానేను డాక్టరమ్మా, ఊడుపులున్నాయి. బేగి పీకియ్యండి," అంది.

పీకాను. వేరు శుభ్రంగా, చివర చీము చుక్కయినా లేకుండా వచ్చింది. పీకింది మంచి పన్నేనని అర్థమైంది. అయినా ఆమెకు ఏమీ చెప్పలేదు. దూది కరిపించి పంపేశాను.

నాలుగో రోజు మొగుడు ఆమెను వెంటబెట్టుకొచ్చాడు. ఎడమ చెంప, పెదవి, అంగిలి నిండా నీటి పొక్కులు, సరిగ్గా ముఖం నడిమికి వచ్చి ఆగిపోయాయి.

"సర్పి అమ్మా. మా ఊర్లో ముసిలోల్లు సూడగానే సెప్పీసినారు," అన్నాడు.

నిజమే. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ ముఖానికి వెళ్ళే నరం మొదలులో ఏళ్ళ తరబడి దాక్కుని, ఎప్పుడో లేస్తుంది. ఆ నరం కొసలే పళ్ళలోని గుజ్జులోకి వెళతాయి. అందుకే పొక్కులు లేవకముందు కొందరికి అచ్చం పంటి నొప్పిలాగే ఉంటుంది. కొందరిలో గుజ్జు వాచి, పన్ను లోపలే చచ్చిపోతుంది కూడా. ఇదంతా నేను చదివిందే, పరీక్షలో రాసిందే. విశాఖపట్నం నుంచి మందు తెప్పించడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది. పొక్కులు మానాయి గానీ, దెబ్బతిన్న నరం నొప్పి ఉండిపోయింది.

తర్వాతి ఏళ్ళలో, వేరు చివరి వాపుల్లోనూ సర్పి వైరస్ చేరిన హెర్పిస్ జాతి వైరస్‌ల జాడ కనబడుతోందని పత్రికల్లో చదివాను. అవే కారణమా, ఊరికే అక్కడ ఉన్నాయా అన్నది నేను రిటైరయ్యేనాటికీ తేలలేదు. బుద్రి విషయంలో మాత్రం నాకు సందేహం లేదు.

మూడేళ్ళకు హుకుంపేట దంత శిబిరంలో ఆమె మళ్ళీ నా ముందు కూర్చుంది. ఎడమవైపు పైన ఒక్క పన్నూ లేదు. శిబిరం వచ్చినప్పుడల్లా ఒకటి, సంతలో పళ్ళు పీకేవాడి దగ్గర రెండు, అలా తీయించుకుందట.

"నొప్పి పోనేదు డాక్టరమ్మా. ఆ రోజే మీరు అన్నీ పీకీసుంటే పోయుండును. కింద పల్లు కూడా తీసీయండి," అంది.

ఇది పళ్ళ నొప్పి కాదని, మొదటిది తీయడం కూడా నా తప్పేనని చెప్పాను. నమ్మలేదు. పన్ను పోతే నొప్పి పోతుందని ఆమెకు నేర్పింది నేనే. ఏ ముఖం పెట్టుకుని కాదనను? లేచి పక్క డాక్టరు వరుసలో నిలబడింది. వెళ్ళి ఆయనకు సంగతి చెప్పాను, ఆ రోజుకు ఆపగలిగాను.

చూపించిన పంటిలో తప్పు కనబడకపోతే పన్ను తీయకూడదు. తిరిగి రాలేనన్నవాళ్ళను వార్డులో ఉంచుకుని చూడాలి. బుద్రి మొదటిసారి వచ్చిన రోజున మా వార్డులో మంచాలు ఖాళీగానే ఉన్నాయి.