మా అత్త బ్యాటరీ

రేపల్లెలో మా మేనత్త పోయింది. తెనాలికి ఫోన్ చేసి ఆ కబురు చెప్పిన మా బావ, "అమ్మ నిద్రలోనే ప్రశాంతంగా వెళ్ళిపోయిందిరా" అన్నాడు. ఆ "ప్రశాంతంగా" అన్న మాట నాకింకా మింగుడుపడలేదు. వానకి కిటికీలు మూసుకుని మధ్యాహ్నం ఒంటరిగా పడుకుంది. జారిన దుప్పటికి దోమల కాయిల్ నిప్పు తగిలి, బూరుగుదూది పరుపు లోలోపలే రాజుకుంది. మంట లేవనే లేదు. పొగే ఆమెను చంపింది.

అత్త బాపట్లలో నర్సుగా చేసి రిటైరైంది. ఒంటి మీద బొబ్బయినా లేకుండా పొగ మింగి పోయినవాళ్ళను ఆస్పత్రిలో చూసిందట. "మంట మనిషిని లేపుద్దిరా, పొగ జోకొట్టుద్ది" అనేది. ఓడల్లో పనిచేసే ఆమె తమ్ముడు, మా బాబాయి, ఎనభైల్లో ఒకసారి "ఏం తెమ్మంటావక్కా, చీరా, వాచీయా?" అని అడిగితే, "మీ ఓడలో పొగొస్తే అరిచేది ఉంటుందన్నావే, ఇళ్ళల్లో పెట్టుకునేది దొరికితే పట్రా" అంది. సాసరంత తెల్లటి డబ్బా తెచ్చాడు. బావ దాన్ని వంటింట్లో బిగించబోతే కసిరింది.

"పోపు పెట్టినప్పుడల్లా గోల చేస్తే విసుగొచ్చి నువ్వే పీకేస్తావు. పడగ్గది గుమ్మం ముందు, పైకప్పుకి పెట్టు. పొగ పైకే గదా పోయేది!"

ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే చీపురు కర్రతో దాని మీట నొక్కేది. అది కెవ్వుమనేది. "నర్సమ్మగారి కోడి కూసిందర్రా, అన్నాలకి లేవండి" అని పక్కింటావిడ నవ్వేది. "నవ్వండమ్మా నవ్వండి. కూయని వారం చెప్పండి" అనేది అత్త. దానికి బూజు పట్టనిచ్చేది కాదు. బాగానే ఉన్నా సరే, ఏటా బ్యాటరీ మార్పించేది. ఆ నలుపలకల బ్యాటరీ రేపల్లెలో దొరక్కపోతే నేనే తెనాలి నుంచి పట్టుకెళ్ళేవాణ్ణి. "దీనికి నోరిచ్చేది ఇదేరా" అని మురిసిపోయేది. పడుకునే ముందు పొయ్యి కట్టేశామా అని చూసుకునే అలవాటు నాకు ఆమె పెట్టిందే.

కబురందిన రోజున ఆ ఇంట్లో అడుగుపెట్టి పైకి చూశాను. డబ్బా మూత వేలాడుతోంది. లోపల ఖాళీ.

"బావా, దీన్లో బ్యాటరీ ఏది?"

"చర్చి మైకులో ఉందిరా" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

మిగతాది పక్కింటావిడ చెప్పింది. బావ చర్చి కమిటీలో పెద్దమనిషి. ఈమధ్య ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో వైరు లేని మైకు మూగబోయింది. దానికీ ఇదే బ్యాటరీ. పరిగెత్తుకొచ్చి, స్టూలెక్కి పీక్కుపోయాడు. ఆ వారం చర్చికి వెళ్ళలేక ఇంట్లోనే ఉన్న అత్తతో "ఒక్క పూటే అమ్మా" అన్నాడట. వారాలు గడిచాయి. మోకాళ్ళ నొప్పులతో ఆమె స్టూలెక్కలేదు. అడిగినప్పుడల్లా "రేపు పెడతానన్నాగా! దేవుడి పనికేగా ఇచ్చావు" అని ఆమెకే నీతులు. నాతో ఒక్క ముక్క అని ఉంటే సాయంత్రం రైలుకే తెచ్చేవాణ్ణి. కొడుకు పరువు పోతుందని అనలేదు మహాతల్లి! చావింట్లో ఉన్నానని ఆగాను గానీ, వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

చర్చిలో ఆమె పెట్టె ముందు నిలబడి పాస్టరుగారు ఆ మైకులోనే మాట్లాడారు. "ఎంతో జాగ్రత్తగల తల్లి. నిద్రలోనే ప్రభువు పిలుచుకున్నాడు" అన్నారు. గరగర లేదు. ఆఖరి వరసలో ఉన్న నాకు ప్రతి మాటా వినిపించింది. పెట్టె ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళేదాకా మైకు మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.