లారీ వెనక రాసిన పేరు

మొన్న మిర్యాలగూడలో మా చెల్లెలి కూతురు తన మూడో ట్యూషన్ సెంటర్ తెరిచింది. రిబ్బన్ నా చేత కత్తిరింపజేసింది గానీ, మైకు మాత్రం మా ఆయనకు అందనంత దూరంలో పెట్టించింది. ఆయన ఉడుక్కున్నారు, నాకు నవ్వాగలేదు. ఎందుకంటే సూర్యాపేటలో మొదటి సెంటర్ పెట్టినప్పటి ముచ్చట నాకు గుర్తుంది.

కొందరు పిల్లలకు అక్షరాలు తారుమారుగా కనబడతాయి. కొందరు లెక్క నోటితో చెబుతారు, కాగితం మీద పెట్టలేరు. అలాంటివాళ్లకు చదువు చెప్పడం మా చెల్లెలి కూతురు హైదరాబాదులో నేర్చుకుని, అక్కడి ఉద్యోగం వదిలి వచ్చి, మా ఇంటి పక్కనే రెండు గదులు కిరాయికి తీసుకుంది. వాళ్ల నాన్నకు, అంటే మా మరిదికి, ఇది ఇష్టం లేదు. దసరాకల్లా గదులు నిండకపోతే మళ్లీ ఉద్యోగానికి పోవాల్సిందేనని మాట తీసుకున్నాడు. ప్రచారం మా ఆయన నెత్తికెత్తుకున్నారు. ఆర్టీసీలో రిటైరైన మనిషి, అనౌన్స్‌మెంట్ అంటే చెవి కోసుకుంటారు. మా ఊళ్లో ట్యూషన్ అంటే ర్యాంకుల ఫొటోల ఫ్లెక్సీ ఉండాల్సిందే. ర్యాంకులు లేవు కనుక, వస్తున్న నలుగురు పిల్లల ఫొటోలే వేయించి, ఆటోకు కట్టి, "చదువు రాని పిల్లలకు చదువు చెప్పబడును" అని మైకులో చదువుతూ వీధులన్నీ తిరిగారు. పైగా ఆ పిల్లల ఇళ్ల ముందు ఆటో ఆపారట, మర్యాదగా ఉంటుందని. మర్నాటికి ముగ్గురు మానేశారు. ఒక తల్లి మా గుమ్మంలో నిలబడి, "మా పిలగాని ఇజ్జత్ తీసిండ్రు గదమ్మా. ఇగ బడిల వాణ్ని ఏమంటరో" అని కళ్లు తుడుచుకుంది. ఆ వారమంతా మా ఆయనకు అన్నం సహించలేదు.

మిగిలింది ఒక్క ఆడపిల్ల. తండ్రి మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ నడుపుతాడు. ఐదో తరగతికి వచ్చినా, పేరు రాయమంటే ఆ పిల్ల పలక వెనక్కి దాచేది. ముగ్గులు మాత్రం చూడముచ్చటగా వేసేది. అది గమనించి మా చెల్లెలి కూతురు పలక పక్కన పెట్టి ముగ్గుపిండి చేతికిచ్చింది. మా వాకిట్లో రోజూ బారెడేసి అక్షరాలు. పాలవాడు వాటిని దాటలేక గోడ వారగా నడిచేవాడు.

దసరా పూజకని నెలన్నర ముందే ఆ తండ్రి కోదాడలో లారీకి కొత్త రంగులు వేయించాడు. వెనక పిల్లల పేర్లు రాయించుకోవడం ఇక్కడి డ్రైవర్లందరికీ అలవాటే. ఈయన మాత్రం పెయింటర్ చేతిలో కుంచె తీసుకుని కూతురికిచ్చాడు. "జర జరుగన్నా. గీ పేరు నా బిడ్డనే రాస్తది." చేయి మొత్తం తిప్పుతూ, ముగ్గు వేసినట్టే రాసింది. చివరి అక్షరం కాస్త కిందికి జారింది.

"వంకర పోయిందండీ, సరిచేస్తాను" అన్నాడు పెయింటర్.

"ఉండనీ. గట్లనే ఉంటది."

కింద సెంటర్ పేరు రాయించుకుని ఆ లారీ కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ తిరిగింది. చాయ్ హోటళ్ల దగ్గర ఎవరడిగినా ఆయన దాచలేదు. "మా బిడ్డకు అక్షరం రాకుండె. గాడ నేర్సుకున్నది. మీ ఇంట్ల గిట్ల ఎవరన్న ఉంటే తోలియ్యుండ్రి." కన్నతండ్రే తలెత్తుకుని చెబుతుంటే ఇంకెవరికి నామోషీ? ముందు డ్రైవర్ల పిల్లలు వచ్చారు. తర్వాత నడిగూడెం నుంచి ఒక పంతులమ్మ తన కొడుకునే తీసుకొచ్చింది. మా గుమ్మంలో ఏడ్చిన తల్లి కూడా పట్టపగలే పిల్లవాడి చేయి పట్టుకుని వచ్చింది. దసరాకు గదులు చాలక మా వరండా కూడా ఇచ్చేశాం. మా మరిది వచ్చి, చెప్పులు విడవడానికి చోటు లేక వీధిలోనే నిలబడ్డాడు. ఉద్యోగం మాట ఎత్తలేదు.

ఆ లారీ డ్రైవరు బిడ్డ ఇప్పుడు ఇంటర్. మిర్యాలగూడ సెంటర్లో ఒక చిన్నదాని పక్కన కూర్చుని, అది ఒక్క అక్షరం మీద ఎంతసేపున్నా తొందరపెట్టకుండా చూస్తోంది. కాలం ఎవరి కోసమూ ఆగదంటారు గానీ, పక్కన కూర్చునే మనిషి ఉంటే అది ఒక్కో బిడ్డ దగ్గర కాసేపు ఆగుతుంది, నేను చూశాను.